మేయర్ క్యాండిడేట్‌ని మేం అడగని ప్రశ్న

2021 మార్చి మొదటి ఆదివారం సాయంత్రం. విజయవాడ సింగ్‌నగర్‌లో బసవపున్నయ్య స్టేడియం దగ్గర ఒక టీ బడ్డీ. మేం ఏడుగురం. ఏడు ఫోన్లలోనూ ఒకటే వాట్సాప్ మెసేజ్. అందులో పద్నాలుగు ప్రశ్నలు.

కార్పొరేషన్ ఎన్నికలకి ఇంక మూడు రోజులే. ఆ ఎన్నికల కథే వేరు లెండి. 2020 మార్చిలో నామినేషన్లు వేసేశాక కరోనా వచ్చి మొత్తం ఆగిపోయింది. ఏడాది తర్వాత ఎక్కడ ఆపారో అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టారు. అంటే మా డివిజన్లో నిలబడ్డవాళ్లు ఏడాది పాటు క్యాండిడేట్లుగానే ఉండిపోయారన్నమాట. గోడల మీద పాత పోస్టర్లు ఎండకి వెలిసిపోయి, ఎవరిది ఏ గుర్తో కూడా తెలియకుండా అయ్యాయి.

ఆ సాయంత్రం మా లైన్లోకి రాబోతున్న మేడం మామూలు క్యాండిడేట్ కాదు. విజయవాడ మేయర్ సీటు ఆసారి జనరల్ మహిళకి రిజర్వ్ అయింది. ఈవిడ గెలిస్తే మేయర్ రేసులో ఉంటుందని కాలనీ అంతా చెప్పుకుంటోంది. ఆవిడ పేరూ, పార్టీ పేరూ ఇక్కడ రాయను. ఇది ఆవిడ గురించి కాదు, మా గురించి.

ప్రశ్నలడుగుదామన్న ఐడియా మా బ్యాచ్‌లో గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే అన్నది. "ఓటు కోసం వచ్చినప్పుడే మనం నిలబెట్టి అడగగలం. తర్వాత మనమే గేటు బయట నిలబడాలి" అన్నాడు. నిజమే కదా అనిపించింది. రాత్రి పన్నెండు దాకా గ్రూపులో ఒకటే గోల. ఒకడు మెట్రో అన్నాడు, ఒకడు ఫ్రీ వైఫై అన్నాడు, ఒకమ్మాయి సాయంత్రం కోచింగ్ నుంచి వచ్చే దారిలో లైట్లు అంది. తెల్లారేసరికి పద్నాలుగు తేలాయి. పద్నాలుగూ అడగనివ్వరని తెలుసు. ఆరుకి కుదించడానికే ఆ టీ బడ్డీ దగ్గర కూర్చున్నాం.

టీ పోస్తున్న తాత అంతా విని, గ్లాసులు కడుక్కుంటూనే అన్నాడు. "బుడమేరు సంగతి రాశారా నాన్నా?"

రాశాం. పన్నెండో నెంబరు. మా బీటెక్ ఫ్రెండ్ ఫోన్ చూసి, "ఇది తీసేద్దాం, పదహారేళ్ల కిందటి ముచ్చట" అన్నాడు. తాత చెప్పేది 2005 వరద గురించి. అప్పుడు మేం రెండో క్లాసో మూడో క్లాసో. మాకు గుర్తున్నదల్లా స్కూలుకి సెలవులిచ్చారన్న సంగతే. మాకు తెలిసిన బుడమేరు అంటే గుర్రపుడెక్క పట్టి, కంపు కొట్టే ఒక మురుగు కాల్వ. వంతెన మీద బండి మీద వెళ్తూ ముక్కు మూసుకునే చోటు.

పన్నెండో నెంబరు డిలీట్ అయిపోయింది. డిలీట్ కొట్టింది నేనే.

ఇరవై నిమిషాల ఇంటర్వ్యూ

మేడం డప్పులతో, కండువాలతో వచ్చారు. మేం అడ్డం నిలబడితే వెనకున్న వాళ్లు కంగారు పడ్డారు కానీ ఆవిడ మాత్రం, "ఉండండి, పిల్లలు ఏదో అడుగుతున్నారు" అని బడ్డీ ముందు బెంచీ మీద కూర్చున్నారు. ఆ ఒక్కదానికి ఇప్పటికీ ఆవిడంటే గౌరవమే. చాలామంది నమస్కారం పెట్టి సాగిపోతారు.

మెట్రో ఎప్పుడొస్తుంది మేడం అంటే, "తప్పకుండా తెస్తాం తమ్ముడూ" అన్నారు. బెంజి సర్కిల్లో రెండో ఫ్లైఓవర్ ఎప్పుడు పూర్తవుతుందంటే, "త్వరలోనే" అన్నారు. సిటీ బస్సులు మా వైపు ఎక్కువ తిప్పమంటే, "నేను మాట్లాడతా" అన్నారు. లైట్ల గురించి అడిగిన అమ్మాయి చెయ్యి పట్టుకుని, "వారంలో వేయిస్తానమ్మా" అన్నారు. ఇంటి పన్ను గురించి అడిగింది మాలో సొంతిల్లు ఉన్న ఒకే ఒక్కడు. అప్పటిదాకా అద్దె విలువ లెక్కన వేసే పన్నుని ఆస్తి విలువ లెక్కకి మార్చే చట్టం కొత్తగా వచ్చింది. ఏడాదికి 15 శాతానికి మించి పెరగదని ప్రభుత్వం అంటోంది. ఏటా 15 శాతం అంటే ఐదేళ్లకి ఎంతవుతుందో వాడు ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి చూపించాడు. రెట్టింపు. మేడం ఆ స్క్రీన్ చూసి ఒక్క క్షణం ఆగారు. "అది పైవాళ్ల నిర్ణయం బాబూ" అన్నారు.

ఆరోది చెత్త. అప్పటికి విజయవాడకి స్వచ్ఛ సర్వేక్షణ్‌లో దేశంలో నాలుగో ర్యాంకు. అదే ఏడాది నవంబరులో మూడో ర్యాంకు కూడా వచ్చింది, ఇండోర్, సూరత్ తర్వాత మనదే. మా వాడొకడు, "మేడం, ర్యాంకు మా వీధి చూసి ఇచ్చారా, ఎంజీ రోడ్డు చూసి ఇచ్చారా?" అన్నాడు. అందరూ నవ్వేశారు, ఆవిడ కూడా నవ్వేశారు. నవ్వుతోనే లేచారు. అయిపోయింది.

మాకు భలే ఆనందం. వీడియో కూడా తీశాం. రీల్ పెడితే మంచి వ్యూసే వచ్చాయి.

ఇప్పుడు ఆ వీడియో చూస్తుంటే సిగ్గేస్తుంది. ఎందుకంటే మేం అడిగిన ఆరింటిలో మూడు మేయర్ చేతిలో లేనే లేవు. మెట్రో రాష్ట్రం, కేంద్రం కలిసి తేల్చాల్సింది. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ జాతీయ రహదారుల సంస్థది. సిటీ బస్సు ఆర్టీసీది. ఆ మూడింటికీ మేడం 'తెస్తాం', 'త్వరలోనే', 'మాట్లాడతా' అన్నారు. చేతిలో ఉన్నవి లైట్లు, చెత్త. ఇంటి పన్ను సగం సగం: రూలు రాష్ట్రానిది, వసూలు కార్పొరేషన్‌ది. తన పని కానివాటికి హామీ ఇవ్వడం ఆవిడ తప్పా, అడగడం మా తప్పా అంటే, ఆవిడ రాజకీయ నాయకురాలు కదండీ. పరీక్ష పెట్టినవాళ్లకే సిలబస్ తెలియకపోతే ఎలా?

బ్యాలెట్ మీద లేని మేయర్

ఇంకో ముచ్చట. మార్చి 10న ఓటేయడానికి వెళ్లినప్పుడు మా చెల్లి (దానికి అదే మొదటి ఓటు) బయటికొచ్చి, "మేయర్‌కి వేరే పేపర్ ఇవ్వలేదేంటి?" అంది. మేం పగలబడి నవ్వాం. తర్వాత ఆలోచిస్తే, నవ్విన ఏడుగురిలో ఎందుకివ్వలేదో సరిగ్గా చెప్పగలిగింది ఒక్కడే.

ఒకప్పుడు ఇచ్చేవాళ్లు. 2000లో పంచుమర్తి అనూరాధ గారు విజయవాడ మేయర్ అయినప్పుడు జనమే నేరుగా ఓటేసి ఎన్నుకున్నారు. అప్పటికి ఆవిడ వయసు 26. ఆ తర్వాత, 2005 నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు మనం వేసేది మన డివిజన్ కార్పొరేటర్‌కి. అలా గెలిచిన 64 మందీ, ఎక్స్ అఫీషియో సభ్యులుగా ఎమ్మెల్యేలూ ఎంపీలూ కలిసి కౌన్సిల్ హాల్లో మేయర్‌ని ఎన్నుకుంటారు. 2021లో 64లో 49 వైఎస్సార్‌సీపీకి, 14 టీడీపీకి, ఒకటి సీపీఎంకి వచ్చాయి. టీడీపీ తమ మేయర్ అభ్యర్థిగా కేశినేని శ్వేత పేరు ముందే ప్రకటించి ప్రచారం చేసింది. గెలిచిన వైఎస్సార్‌సీపీ తరఫున మార్చి 18న రాయన భాగ్యలక్ష్మి మేయర్ అయ్యారు. మా బెంచీ మీద కూర్చున్న మేడం ఏమీ కాలేదు. లైట్లు మాత్రం పడ్డాయి, వారంలో కాదు, దసరాకి.

మేయర్ అయ్యాక చేతిలో ఏముంటుంది? సినిమాల్లో మేయర్ ఫోన్ చేస్తే ఊరు కదిలిపోతుంది. ఇక్కడ కథ వేరు. కౌన్సిల్ మీటింగ్‌కి అధ్యక్షత మేయర్‌ది. బడ్జెట్ పాస్ అవ్వాలన్నా, పెద్ద టెండర్లకి ఓకే అనాలన్నా కౌన్సిల్, స్టాండింగ్ కమిటీ కావాలి. పని చేయించేది మాత్రం కమిషనర్. కమిషనర్‌ని వేసేదీ మార్చేదీ రాష్ట్ర ప్రభుత్వం. నగరాలకి అధికారం ఇవ్వాలని 74వ రాజ్యాంగ సవరణ వచ్చి, 1993లో అమల్లోకి వచ్చి ఇన్నేళ్లయింది. అందులో 18 పనుల పట్టిక కూడా ఉంది, ప్లానింగ్, తాగునీరు, రోడ్లు, మురికివాడల బాగు, అన్నీ. పట్టిక ఉంది కానీ తాళంచెవులు ఇంకా హైదరాబాద్ నుంచి అమరావతికి మారాయే తప్ప, కెనాల్ రోడ్డులోని కార్పొరేషన్ ఆఫీసు దాకా పూర్తిగా రాలేదు.

ఆదివారం పొద్దున్న

2024 ఆగస్టు 31న పడిన వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. మేం టీవీలో అది చూస్తూ, అయ్యో పాపం అనుకుంటూ పడుకున్నాం. మరుసటి రోజు సెప్టెంబరు 1, ఆదివారం. పొద్దున్నే కింది వాటా వాళ్లు తలుపు బాదారు. వాళ్ల ఇంట్లోకి నీళ్లొచ్చాయి. గంటలో నా బండి సీటు దాకా. మధ్యాహ్నానికి బండి కనపడలేదు.

మేం మేడ మీద ఉంటాం కాబట్టి బతికిపోయాం. కింది వాటా వాళ్లు ఐదుగురు, మేం నలుగురం, రెండు గదుల్లో. కరెంటు లేదు. ఫోన్లు స్విచాఫ్ చేసి, గంటకోసారి ఒకటే ఆన్ చేసేవాళ్లం. చుట్టూ నీళ్లు, తాగడానికి చుక్క లేదు. ఆ మాట పుస్తకాల్లో చదివితే అతిగా అనిపిస్తుంది, నాకూ అనిపించేది. రెండో రోజు పైన డ్రోన్ వెళ్తుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. అది మా మేడ మీద ఆగలేదు. మూడో రోజు మా నాన్న, నేను పీకల్లోతు నీళ్లలో తాడు పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా వచ్చి, పడవెక్కి సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర దిగాం. ఊరు ఊరంతా ఆ ఫ్లైఓవర్ మీదే ఉన్నట్టుంది. పాల ప్యాకెట్ల కోసం చేతులు చాచిన వాళ్లలో మా పాత లెక్చరర్‌ని చూశాను. ఆయన నన్ను చూడనట్టు తల తిప్పుకున్నారు. నేనూ తిప్పుకున్నాను.

వాంబే కాలనీ, పాయకాపురం, కండ్రిక, న్యూ రాజరాజేశ్వరిపేట, జక్కంపూడి... ఎక్కడ చూసినా ఇదే. ముఖ్యమంత్రి చంద్రబాబు కలెక్టరేట్‌లోనే మకాం పెట్టారు. మరోవైపు కృష్ణ కూడా పోటెత్తింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, 2009 వరద రికార్డుని దాటేసింది. అయినా కృష్ణలంకలోకి నది రాలేదు, రిటైనింగ్ వాల్ కాపాడింది. ఆ గోడ ఎవరు కట్టారన్న దాని మీద రెండు పార్టీల వాళ్లూ ఫ్లెక్సీల్లో కొట్టుకున్నారు. కొట్టుకోనివ్వండి. గోడ ఉంది, జనం బతికారు. మా వైపు అలాంటి కొట్లాటకి అవకాశమే లేదు, ఎందుకంటే చూపించడానికి ఏమీ లేదు.

నీళ్లు తీశాక ఫైరింజన్లు వచ్చి వీధుల్లో, ఇళ్లలో బురద కడిగాయి. ప్రభుత్వం కింది అంతస్తు వాళ్లకి 25 వేలు, పై అంతస్తుల వాళ్లకి 10 వేలు ఇచ్చింది. తాత బడ్డీ స్టేడియం గోడకి కొట్టుకుని ముక్కలైంది. స్టవ్ దొరికింది, సిలిండర్ దొరకలేదు. ఆయన ఒక స్కూలు పైఅంతస్తులో నాలుగు రోజులున్నాడట. కనిపించినప్పుడు ఆయనేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇంతకీ బుడమేరు ఎవరిది?

ఆ ప్రశ్నే పట్టుకున్నాం ఈసారి. ఒక ఆఫీసుకి వెళ్తే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. అక్కడికెళ్తే ఇంకోటి. తిరిగి తిరిగి, చదివి, అడిగి మాకు అర్థమైంది ఇదీ.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, వెలగలేరు మీదుగా వచ్చి, విజయవాడ ఉత్తరం అంచు తాకుతూ ఏనికెపాడు దాటి కొల్లేరులో కలుస్తుంది. అంటే మేం ముక్కు మూసుకున్న కాల్వ మురుగుకాల్వ కాదు, అసలుసిసలు ఏరు. ఊరు మునగకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, నీటిని మళ్లించి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపే డైవర్షన్ కాల్వ తవ్వారు. ఆ కాల్వ పట్టేది సుమారు 15 వేల క్యూసెక్కులు. పోలవరం కుడి కాల్వ నీళ్లు కూడా కృష్ణలోకి వెళ్లేది ఆ దారినే. ఆ రోజు కొండల నుంచి వచ్చిన నీరు కాల్వ పట్టే దానికి రెట్టింపు పైనే. అటు కృష్ణ నిండుగా ఉంటే కాల్వ నీటిని తీసుకోదు, వెనక్కి తంతుంది. కాల్వకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి చివరికి సైన్యం కూడా దిగాల్సి వచ్చింది. గండి లోంచి వచ్చిన నీరు పాత బుడమేరు దారి పట్టింది. ఆ దారిలో ఏరు లేదు, మేం ఉన్నాం.

రెగ్యులేటర్, గట్లు, గేట్లు జలవనరుల శాఖవి. అది మేయర్‌ని అడగలేం. కానీ ఏరు పారే దారిలో కాలనీ ఎలా వచ్చింది? అది మాత్రం అడగాల్సింది మేయర్‌నే. ప్లాన్ ఓకే చేసేది కార్పొరేషన్. రోడ్డు వేసేది, పంపు కనెక్షన్ ఇచ్చేది, ఇంటికి నెంబరు వేసేది కార్పొరేషన్. అసలు పర్మిషన్ లేకుండా కట్టిన ఇంటికి కూడా జరిమానా కలిపి పన్ను వేస్తారు. పన్ను కట్టిన రసీదు చేతిలో ఉంటే జనం అది పట్టా అనుకుంటారు. పాపం కట్టుకున్నవాళ్లని ఆక్రమణదారులని తిట్టేవాళ్లు ఒకసారి ఆ రసీదు మీద ఎవరి స్టాంపు ఉందో చూడాలి. రెండు గదుల ఇల్లు కోసం చిట్టీలు పాడుకున్న వాళ్లకి ఏరు ఎటు పారుతుందో చెప్పే మ్యాపు ఎవరు చూపించారు?

వాన నీటి కాల్వల సంగతీ అంతే. వీటి కోసం కేంద్రం విజయవాడకి సుమారు 460 కోట్లు ఇచ్చింది. పనులు మొదలయ్యాయి, మధ్యలో ఆగాయి. ప్రభుత్వాలు మారాయి. ఎక్కడి దాకా తవ్వారో అక్కడే నీళ్లు నిలబడతాయి. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక కాల్వ ఏ అవుట్‌లెట్టూ లేకుండా గోడకి తగిలి ఆగిపోతుంది. వానాకాలం పిల్లలు అందులో కాగితం పడవలు వేస్తారు, ఎక్కడికీ వెళ్లవు.

కొత్త లిస్టు

2021లో ఎన్నికైన కౌన్సిల్‌కి ఐదేళ్ల గడువు 2026 మార్చి దాకానే. మళ్లీ కార్పొరేషన్ ఎన్నికల మాటలు మొదలయ్యాయి. మా వాట్సాప్ గ్రూపు కూడా మళ్లీ లేచింది. ఏడుగురిలో ఇద్దరు బెంగళూరులో, ఒకడు డాలస్‌లో. మెట్రో ప్రశ్న ఆ డాలస్ వాడిదే. ఇప్పుడు వాడికి మెట్రో అక్కర్లేదు, వాళ్లమ్మా నాన్నా మాత్రం కండ్రికలోనే ఉన్నారు. ఈసారి వాన పడితే ముందు ఫోన్ చేసేది వాడే.

లైట్లు అడిగిన అమ్మాయి ఇప్పుడు లాయర్. మొన్న గ్రూపులో ఒక మెసేజ్ పెట్టింది: ఓటుకి 18 ఏళ్లు, కార్పొరేటర్‌గా నిలబడడానికి 21 చాలు. తిరువనంతపురంలో ఆర్య రాజేంద్రన్ 2020 డిసెంబరులో 21 ఏళ్లకే మేయర్ అయింది, కింద ఆ ఫొటో. "ఏంటి, నిలబడతావా?" అని అడిగితే ఒక నవ్వు ఎమోజీ పెట్టి ఊరుకుంది. తర్వాత మా డివిజన్ ఓటర్ల లిస్టు పీడీఎఫ్ అడిగింది. ఎందుకో చెప్పలేదు.

ఈసారి పద్నాలుగు లేవు. నాలుగే. ప్రతిదాని కింద ఇంకో ప్రశ్న, అంటే 'చేస్తాం' అంటే వెంటనే అడగాల్సింది. ఎప్పటిలోగా? ఏ పద్దు కింద? ఫైలు ఇప్పుడు ఎవరి టేబుల్ మీద ఉంది? అది మీ పని కాకపోతే, ఎవరి పనో వాళ్ల దగ్గరికి కౌన్సిల్ తీర్మానం పంపుతారా? ఆఖరిది మా లాయరమ్మ చేర్చింది. మేయర్ చేతిలో గేట్లు లేకపోయినా నోరుంది కదా, కౌన్సిల్లో చేసిన తీర్మానం రికార్డులో ఉంటుంది కదా అని.

మొన్న ఆదివారం తాత కొత్త బడ్డీ దగ్గరికి వెళ్లాం. పాత చోటే, ఈసారి నాలుగు ఇటుకల ఎత్తు దిమ్మ కట్టి దాని మీద పెట్టాడు. డివిజన్‌లో నిలబడాలనుకుంటున్న ఒకాయన వచ్చే వారం కలుస్తానన్నాడని, ప్రశ్నలు తయారయ్యాయని చెప్పాం.

"ఏదీ, చూపించండి" అన్నాడు. ఫోన్ ఇచ్చాను. దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు. "అద్దాలు ఆ నీళ్లలోనే పోయాయి నాన్నా, ఇంకా చేయించుకోలేదు. నువ్వే చదువు" అన్నాడు.

చదివాను. "ఒకటో ప్రశ్న. బుడమేరు పారే దారి ఎక్కడి నుంచి ఎక్కడిదాకానో మ్యాపు గీసి, ప్రతి వార్డు సచివాలయం గోడ మీద అంటిస్తారా? ఆ గీత లోపల ఇకమీదట ఒక్క ప్లాన్ కూడా ఓకే చేయమని మొదటి కౌన్సిల్ మీటింగ్‌లోనే తీర్మానం పెడతారా? ఇప్పటికే ఆ గీత లోపల ఉన్న మాకు ఎక్కడ చోటిస్తారు?"

తాత స్టవ్ మంట తగ్గించాడు. "రెండోది చదువు" అన్నాడు.